గూడ్స్ బండికి మోగని డ్రమ్ము

మా డ్రమ్స్ అన్న పోయిండు. పోయిన వారం పొద్దున నేను బియ్యం కడుగుతుంటే డోర్నకల్ నుంచి వదిన ఫోన్ చేసింది. చాయ తాగుతవా అని లేపితే లేవలేదట. నిద్రలనే పోయిండని, ముఖం మంచిగనే ఉన్నదని చెప్పింది. జనగామల ఉన్న మేము వెంటనే బయలుదేరి పోయినం. సాయంత్రం సమాధి కాడ చర్చోళ్లు పాడుతుంటే నా చెవులు డ్రమ్ము కోసం ఎదురుచూసినయి.

మీరు పెండ్లిళ్లల్ల మా అసొంటి ఆర్కెస్ట్రాలను చూసే ఉంటరు. ముందు నిలబడి పాడే నా లాంటోళ్లు కనబడతరు, వెనక కూసున్నాయన కనబడడు. నేను పాడుత, మా ఆయన కీబోర్డు. అన్న రైల్వేల పనిచేసి రిటైరైండు. ఆదివారం చర్చిల వాయించేటోడు, మిగతా రోజులల్ల మాతోని. ప్రోగ్రాం ఉన్ననాడు రైలెక్కి వచ్చేటోడు. స్టేజి ఎక్కంగనే ముందుగాల ఒక్కో డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి నిమిరేటోడు. ఇయ్యాల ఎండకు జర కిందికి పలుకుతదనో, సల్లగున్నది బిర్రుగ పలుకుతదనో నాకు ముందే చెప్పేటోడు.

కొన్నేండ్ల కింద ఆయన కుడి చెయ్యికి పక్షవాతం తగిలింది. దవాఖాన మందులతోని చెయ్యి లేచింది గని దెబ్బల బలం రాలేదు. మా ఆయన ఎలక్ట్రానిక్ ప్యాడ్లు కొందామన్నడు. అన్న వద్దన్నడు, తన డ్రమ్ములే తనకు కావాలన్నడు. అప్పుడే ఎవరో ట్రిగ్గర్ల సంగతి చెప్పిండ్రు. డ్రమ్ముకు తగిలించే చిన్న సెన్సార్ అది. దెబ్బకు పుట్టిన అదురును పట్టుకొని వైరు మీదికెల్లి ఒక డబ్బాకు పంపుతది. ఎంత మెల్లగ కొట్టినా డబ్బాల దాచిన నిండు సౌండు స్పీకర్లల్ల పలుకుతది. బలం లేని చెయ్యికి అది దొరుకుడే పండుగ. డ్రమ్ము పైపొర మీద అతికించే రకం ఒకటి తెచ్చుకున్నడు.

భూపాలపల్లిల ఎండకాలం పెండ్లి. మిట్టమధ్యాహ్నం షామియానా కింద నేను మెల్లటి పాట అందుకున్న. చరణం నడుమ, ఎవరూ కొట్టకముందే ఒక డ్రమ్ము ధన్‌మని మోగింది. పక్కనున్న పెద్ద స్పీకర్ అదురును దెబ్బ అనుకున్నది ఆ సెన్సార్. ఇంకో డ్రమ్ముదైతే వేడికి జిగురు కరిగి ఊడిపోయింది, కొట్టినా పలుకుత లేదు. కుర్చీలల్ల కూసున్నోళ్లు నవ్వవట్టిండ్రు. అన్న వాయించుడు ఆపలేదు. కాలుతోని తాళం నడుపుకుంటనే వైర్లన్నీ పీకేసి, ఎడమ చేత్తోనే పాటను చివరిదాక తీసుకపోయిండు.

భోజనాల కాడ మా ఇద్దరి పక్కన కూసొని మెల్లగ అన్నడు.

"వేరేటోన్ని చూసుకోండ్రమ్మా. నా కోసం మీ పేరు ఖరాబు కావద్దు."

మా ఆయన, ఊడింది సెన్సార్ గని నువ్వు కాదు గదా అన్నా, అన్నడు. మంచిది దొరికేదాక కొత్త ప్రోగ్రాంలు ఒప్పుకునేది లేదని కూడా అన్నడు. అన్న తల వంచుకొని పెరుగన్నం కలుపుకున్నడు.

ఆ తర్వాత తెలిసిన డ్రమ్మర్లందరినీ అడిగి రకరకాల ట్రిగ్గర్లు ఇంటికి తెచ్చుకున్నడు. వాళ్ల ఇల్లు రైలు పట్టాల పక్కనే. ఒక్కోటి బిగించి, స్పీకర్ పెట్టి, గూడ్స్ బండి కోసం ఎదురుచూసేటోడు. బండి పోతుంటే ఇల్లంతా అదురుతది. ఆ అదురుకు డ్రమ్ము పలికిందంటే ఆ రకాన్ని విప్పి పక్కకు పెట్టుడే. వంటింట్లకెల్లి వదిన, ఇది గూడ పాయె అని కేకేసేదట. చివరికి అంచుకు స్క్రూతోని బిగించే ఇనుప రకం ఒకటి నిలబడ్డది. కానీ బండికి మోగకుండ దాన్ని సెట్ చేస్తే మరీ సన్నటి దెబ్బలను గూడ అది పట్టుకుంటలేదు. స్టేజి వరకు వాటిని వదులుకున్నడు.

"స్టేజి మీద మళ్లొక్కసారి అనేది ఉండదు, రికార్డింగుల ఉంటది" అని చెప్పేటోడు. "గందుకే రెంటికి ఒక్క తీరు సామాను పనికిరాదు."

ఆ కొత్తవాటితోని మొదటి ప్రోగ్రాం రేగొండల. మొదటి చరణం దాక నా పానమంతా వెనకనే ఉన్నది. ఒక్క దెబ్బ తప్పలే. రెండో చరణానికి నేను ఆయన సంగతే మరిచిపోయి పాడిన. ఆ మాట చెప్తే ఎంత సంబురపడ్డడో. తనకు కావాల్సింది గదే అన్నడు. తర్వాత ఎన్నో ఊర్లు తిరిగినం. ఆయన ఉన్నడన్న ధీమాతోని నేను పాటలల్ల కొత్త కొత్త విరుపులు వేసిన.

ఈ మధ్యనే మహబూబాబాద్‌ల ఒక రికార్డింగు చేసినం. తండా నుంచి వచ్చిన ఒక అక్క తన ఇంటి భాషల జోలపాట పాడింది. స్టూడియో అతను ట్రిగ్గర్లు పెడితే డ్రమ్ము గట్టిగ నిండుగ వస్తదన్నడు, అట్లనే ఒకసారి చేసినం. విన్నంక అన్న, డ్రమ్ములు లేకుండ ఒకసారి పాడమని ఆ అక్కను బతిమిలాడిండు. ఆమె పాడుతుంటే కండ్లు మూసుకొని విన్నడు. లేచి ట్రిగ్గర్లన్నీ విప్పేసి, మైకులు దగ్గరికి జరుపుమన్నడు.

"నా చెయ్యిల ఎంత బలమున్నదో, ఈ పాటకు గంతే చాలు" అన్నడు.

ఈసారి కుడి చెయ్యితోనే వాయించిండు. పిల్లను వీపు మీద తట్టినంత మెత్తగ పడ్డది దెబ్బ. పాట అయినంక ఆ అక్క, ఇదే ఉంచుండ్రి అన్నది. స్టూడియో అతను కూడా నవ్వుకుంట తలూపిండు.

ఆనాడు ఆయన్ను స్టేషన్‌ల దింపి, బండి కదిలేదాక కిటికీ బయటనే నిలబడ్డ. నేను ఆయనను చూసుడు అదే ఆఖరు. డోర్నకల్ పోయే బండిల ఆయనకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుంగ ఒక తల్లి ఒడిల చిన్న పిల్ల ఏడుస్తున్నది. అన్న కుడి చెయ్యి వేళ్లతోని కిటికీ ఊచ మీద మెల్లగ ఏదో వాయించిండు. పిల్ల ఏడుపాపి ఆ వేళ్ల దిక్కు చూసింది. బండి కదిలింది. ఆయన నా దిక్కు తిరగలేదు, పిల్లనే చూసుకుంట వాయిస్తనే పోయిండు.