రోజూ ఒకటే జవాబు

డెబ్బైల్లో కాజీపేట దగ్గర రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసేవాణ్ని. నా చదువు ఏడో తరగతి. మట్టెవాడలో పాత కాగితాల దుకాణంలో దొరికిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి, డిక్షనరీ పక్కన పెట్టుకొని రెండేండ్లు చదివిన. సమాచారాన్ని కొలిచే శాస్త్రమది. ముందే తెలిసిన మాటలో సమాచారం సున్నా, ఊహించని మాటలో ఎక్కువ. నాకు ఎక్కింది ఇంతే. దానికే తెగ మురిసిపోయిన.

"అయితే నేను మాట్లాడేటియన్నీ సున్నలే" అని నవ్వింది మా ఇంటామె.

ఎనభైల మొదట్లో ఆమెకు కడుపునొప్పి పట్టుకుంది. చిన్న దవాఖానలో గోలీలిచ్చి పంపిన్రు. డ్యూటీ దిగి రాంగనే "ఎట్లున్నది?" అని అడిగేవాణ్ని. "మంచిగనే ఉన్న, ఫికర్ జెయ్యకు" అనేది. రోజూ అవే మాటలు. ఒకనాడు సైకిల్ స్టాండు వేస్తూ లెక్క కట్టుకున్న: తెలిసిన జవాబే గద, అడిగితే వచ్చేదేంది? అడుగుడు బంద్ చేసిన.

కేబిన్‌లో బండి సంగతి చెప్తూ పక్క స్టేషనోడు తీగ మీద ఎన్నిసార్లు గంట కొడితే, విన్నమని మేం అన్నిసార్లు తిరిగి కొట్టాలె. అవతలోనికి ముందే తెలిసినా కొట్టాలె. అక్కడ ఒక్కనాడు తప్పలేదు నేను.

నెల దాటినంక స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఆమె అక్క వచ్చింది. గడియసేపు కూసొని, లేచి నా మీదికొచ్చింది.

"ఏం మనిషివి మరిదీ! గోడ పట్టుకొని కూసుంటాంది. మాట నడుమ ఊపిరి తెగుతాంది. కండ్లు లేవా?"

"మంచిగనే ఉన్న అంటాంది గద వదినె."

"అంటది. నువ్వు మొఖం సూడాలె."

పెద్ద దవాఖానకు తీసుకపోయిన. జర ముందు రావాల్సిందన్నడు డాక్టరు. ఆమె మూడు నెలలు గూడ బతకలేదు.

తర్వాత ఒక కాలేజీ లెక్చరర్ దగ్గరికి పోయి, నా లెక్క ఎక్కడ తప్పిందని అడిగిన. "అర్థం సంగతి ఆ శాస్త్రం పట్టించుకోదు అన్నా, పుస్తకంలోనే ఉంటది" అన్నడు. ఉంది. నేనే దాటేసి పోయిన. తీగ మీద పోయే మాటకు ఆ కొలత సరైందే. మంచం మీది మనిషికి వదినె కొలత కావాలె, అదీ ఏండ్లు పట్టి నేర్చిన శాస్త్రమే అన్న నేను. "అది అనుభవం, సైన్స్ కాదు" అని నవ్విండు. ఒళ్లు మండింది. ఒక్క శాస్త్రానికే అన్నీ అప్పజెప్పినోని ఇల్లు ఏమైందో ఆయనకేం ఎరుక?

ఆమె దినాలైనంక వదినె చెప్పింది. "ఒకనాడు బాగ నొచ్చిందట. ‘ఇయ్యాల ఆయన అడిగితే చెప్దామనుకున్న అక్కా, అడగకపాయె, అలసిపోయి వచ్చిండు పాపం’ అన్నది నాతోని."