ఇత్తడి గంట మీద కొనని టిక్కెట్టు

షామ్ షుయ్ పో అనే పేటలో లిఫ్టులు బాగుచేసే తామ్ వింగ్‌కీకి మనుషుల మాట కంటే లెక్క మీదే గురి ఎక్కువ. భుజం మీద ఎవరి చెయ్యైనా పడితే అదృష్టం పోయిందని హ్యాపీ వ్యాలీ గుర్రప్పందేల మైదానంలో జనం కొట్లాడుకుంటుంటే అతను పకపకా నవ్వేవాడు. తను మాత్రం ఒక పాత కంప్యూటర్ కొని, ఏళ్ల తరబడి దానికి గుర్రాల సంగతులు మేపాడు. వీపున మోసే బరువు, పరిగెత్తిన దూరం, ఎక్కే జాకీ, నేల తడా పొడా, ఏదీ వదల్లేదు. ఏ గుర్రానికి ఎంత అవకాశముందో అది చెప్పేది. జనం చిన్నచూపు చూసిన గుర్రానికి కంప్యూటర్ ఎక్కువ మార్కులు వేస్తే అక్కడ కాసేవాడు. లేదంటే చేతులు కట్టుకుని కూర్చునేవాడు. అబద్ధమెందుకు, ఆ పద్ధతి మంచిదే. కొద్దికొద్దిగా గెలుస్తూనే వచ్చాడు.

అయితే ఇంత లెక్కల మనిషికీ ఒక పిచ్చి ఉంది. ఒకసారి మేనల్లుడు ముచ్చటపడ్డాడని ఏదో తెల్లగుర్రం మీద కాశాడు. అది ఓడింది, దాని వెనకే ఆ ఏడాదంతా ఓడుతూనే పోయాడు. లెక్కలో లేని టిక్కెట్టు ఒక్కటి కొన్నా అదృష్టం చెడిపోతుందని అప్పట్నుంచి అతని నమ్మకం. భుజాల పిచ్చివాళ్లను చూసి నవ్విన పెద్దమనిషి ఈయనే.

గుర్రాన్ని చూసి అంచనా కట్టడం అతనికి నేర్పింది లోక్. గుర్రపుశాలలో జీవితమంతా చాకిరీ చేసి, మోకాళ్లు అరిగిపోయి ఇంటిపట్టున ఉన్న ముసలాయన. పెళ్లాం పిల్లలు లేరు. రోజూ పొద్దున్న ఇద్దరూ ఒకే టీకొట్టులో, ఒకే బల్ల దగ్గర కూర్చుని పాల టీ తాగుతూ గుర్రాల గురించి వాదించుకునేవారు. ముసలాయనకు రోజు మొత్తం మీద దక్కే కబుర్లు అవే.

ఆయన చేతుల్లో పెరిగిన ఇత్తడి గంట అనే గుర్రం ఆ బుధవారం ఆఖరిసారి పరిగెత్తుతోంది. ఆ తర్వాత దానికి పందేలు లేవు. లోక్ ఒక పది డాలర్ల నాణేన్ని బల్ల మీద పెట్టి వింగ్‌కీ వైపు తోశాడు.

"ఒరేయ్ కీ, ఎల్లుండి వెళ్తావుగా. నా గంట మీద గెలుపు టిక్కెట్టొకటి కొనుక్కురా."

"అన్నా, దానికి వయసైపోయింది. అందరికంటే వెనక రాకపోతే అదే గొప్ప."

"నువ్వు చెప్పాలంట్రా నాకు? దాని కాళ్లకి కట్లు కట్టిందెవడు? గెలుస్తుందని కాదురా. ఆఖరి రోజున కూడా నేను దాని వైపే ఉన్నానని దాచుకోడానికి ఒక కాగితం కావాలి. నేనే వెళ్దును, ఆ మెట్లెక్కలేను. తెస్తావా, లేదా?"

"తెస్తాలే అన్నా. దీనికింత బతిమాలాలా?"

బుధవారం కీ టిక్కెట్ల కిటికీ ముందు వరుసలో నిలబడ్డాడు. నాణెం అరచేతిలో ఉంది. ఆ రోజు కంప్యూటర్ రెండు మంచి గుర్రాలను చూపించింది. కిటికీ దగ్గరపడేకొద్దీ తెల్లగుర్రం గుర్తొచ్చింది. ఎలాగూ ఓడేదే కదా, డబ్బు మిగిల్చితే అన్నకే మంచిది అని తనకు తాను సర్దిచెప్పుకుని వరుసలోంచి పక్కకొచ్చేశాడు. ఇత్తడి గంట చివరాఖర్న, తల ఊపుకుంటూ వచ్చింది. కంప్యూటర్ చూపించినవాటి మీద మాత్రం కాశాడు, ఆ రెండూ వాటి వాటి పందేల్లో గెలిచాయి.

మర్నాడు టీకొట్టులో నాణేన్ని తీసి గర్వంగానే లోక్ ముందు పెట్టాడు.

"చూశావా అన్నా, చెప్పానా? కొని ఉంటే దండగయ్యేది."

లోక్ నాణెం వైపు చూశాడు. తర్వాత కీ జేబు వైపు చూశాడు, ఇంకేమైనా తీస్తాడేమోనని.

"కొనలేదా?" అన్నాడు చివరికి.

ఆ ఒక్క మాటతో తను చేసిందేమిటో కీకి తెలిసొచ్చింది. అయిపోయిన పందేనికి టిక్కెట్టు ఎవరమ్ముతారు? లేచి రైలెక్కి, ఆపైన ట్రామెక్కి హ్యాపీ వ్యాలీకి పోయాడు. అక్కడ నేలంతా వెతుకుతుంటే, పారేసిన టిక్కెట్లన్నీ ఊడ్చి బస్తాలకెత్తుతున్న ఆడమనిషి అతన్ని ఆపింది.

"ఏంటయ్యా వెతుకుతున్నావ్? గెలిచింది పారేసుకున్నావా?"

"లేదక్కా. ఓడింది కావాలి."

"ఓడిందా! దానికి కరువేముంది నాయనా? బస్తాలకు బస్తాలు తీసుకుపో!" అని విరగబడి నవ్వింది.

పని మానుకుని మోకాళ్ల మీద కూర్చుని బస్తా తర్వాత బస్తా గుమ్మరించి వెతికాడు. ఇత్తడి గంట మీద కాసినవాళ్లు ఎంతమందని? ఎండెక్కాక ఒకటి దొరికింది. ఉండచుట్టి, చెప్పుకాలితో తొక్కి ఉంది. తొడ మీద సాపుచేసుకుని పరుగున వచ్చాడు. లోక్ ఇంకా అదే బల్ల దగ్గర ఉన్నాడు.

ముసలాయన టిక్కెట్టు మీది పేరు చదివాడు. ఒకసారి వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా వెనక్కి తోశాడు.

"ఇది దాని మీద విసుక్కుని ఎవడో పారేసిందిరా. దాన్ని పారేసినవాడి కాగితం నేనేం చేసుకోను?"

"అన్నా, నన్ను క్షమించు. కొనాల్సింది. బుద్ధి గడ్డి తింది."

"పోనీలే. నీ లెక్క సరిపోయిందిగా. టీ చెప్పుకో."

కీ ఇప్పటికీ గెలుస్తూనే ఉన్నాడు. లోక్ ఇప్పటికీ ఆ బల్ల దగ్గరే అతనికి చోటిస్తాడు. మోకాళ్ల నొప్పి గురించి చెబుతాడు, వాన గురించి చెబుతాడు, చేపల ధర గురించి చెబుతాడు. గుర్రాల గురించి మాత్రం మళ్లీ ఒక్క మాట ఎత్తలేదు.