చేతికిచ్చిన మిరపకాయలు

ఎండు మిరపకాయలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఇవ్వకూడదు. కింద పెట్టాలి, అవతలి మనిషి వంగి తీసుకోవాలి. చేతికిస్తే ఆ ఇద్దరికీ పడదట, రెండిళ్ళ మధ్య తగవు పుడుతుందట. మా వైపు ఈ మాట తెలియని ఆడమనిషి లేదు. చదువుకున్నవాళ్ళు కూడా నవ్వుతూనే కాయలు గట్టు మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. నేను మాత్రం నవ్వలేను. ఆ నమ్మకం పేరు చెప్పి నా చిన్నతనాన్ని నంజుకు తిన్నారు మా ఇంట్లోవాళ్ళు. మా ఇల్లు రెండు కావడానికి నా చెయ్యే కారణమని పదహారేళ్ళు చెప్పారు. పదహారేళ్ళూ నేను నమ్మాను. తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మాది బూర్గంపాడు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊరు. పెద్దనాయనా, నాయనా అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. పొయ్యి ఒకటే, వాకిలి ఒకటే. ఇంటి వెనకే మిరపచేను. ఆ చేలో కాసే కాయ పొట్టిది, తొడిమ దగ్గర లావుగా ఉండి కొసకు సూదిలా దిగేది. విత్తనం బజారులో కొన్నది కాదు. నాయనమ్మ ఏటా మంచి చెట్టు ఒకటి చూసుకుని, దాని కాయలు విడిగా ఎండబెట్టి, గింజలకు బూడిద కలిపి కుండలో దాచేది. ఇక ఘాటంటారా, అది మామూలు ఘాటు కాదు. ఒకసారి రోడ్డు సర్వేకి వచ్చిన ఆఫీసరు మా ఇంట్లో భోజనానికి కూర్చుని, "ఇంకాస్త కారం వేయండమ్మా, మాకు అలవాటే" అని గొప్పలు పోయాడు. తర్వాత చెంబెడు మజ్జిగ తాగినా నోరు పెగలక, చేతులతో సైగలు చేసి జీపెక్కాడు. ఆ సంగతి చెప్పుకుని మా వాళ్ళు ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

పండించడం మగవాళ్ళ పని అని పేరు. ఎండబెట్టడం మాత్రం పూర్తిగా ఆడవాళ్ళ మీదే. కోసిన పండు కాయను రెండు రోజులు కుప్ప పోసి ఉంచితే రంగు సమంగా తిరుగుతుంది. ఆ తర్వాత అలికిన వాకిట్లో పల్చగా పరవాలి. పొద్దున మంచు ఆరాక పరచడం, మధ్యాహ్నం కాళ్ళతో కలియదొక్కడం, పొద్దు వాలకముందే కుప్ప చేసి గోనెపట్టాలు కప్పడం. పన్నెండు రోజులు ఇదే పని. మధ్యమధ్యలో తెల్లబడిన తాలు కాయలు ఏరి పారెయ్యాలి. అమ్మా, పెద్దమ్మా ముక్కులకు కొంగులు కట్టుకుని తుమ్మీ తుమ్మీ కళ్ళు ఎర్ర చేసుకునేవాళ్ళు. వేళ్ళు ఎంతగా మండేవంటే, ఆ నెలంతా ఇద్దరూ అన్నం చేత్తో కలుపుకోలేక గరిటెతో తినేవాళ్ళు. అరుగు మీద కూర్చున్న మగవాళ్ళేమో, "ఏంది గీ ఘాటు, మనుషుల్ని కూసోనియ్యరా?" అని విసుక్కునేవాళ్ళు. విసుక్కోవడానికైనా కాస్త సిగ్గుండాలి!

పెద్దమ్మకు పిల్లల్లేరు. నేనే ఆమె పిల్లని. నా జడ ఆమే వెయ్యాలి, నాకు నలుగు ఆమే పెట్టాలి. మిరపకాయల రోజుల్లో నా తల ముట్టుకునే ముందు చింతపండు గుజ్జుతో చేతులు రుద్దుకుని, మజ్జిగతో కడుక్కుని, మంట తగ్గిందో లేదో తన కంటి కింద వేలు పెట్టి చూసుకునేది. కళ్ళు చెమర్చితే మళ్ళీ కడుక్కునేది. కాయ ఎండిందో లేదో కనిపెట్టడం నాకు నేర్పింది కూడా ఆమే. "చూస్తే తెల్వదే, చెవితోని తెలుస్తది" అనేది. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. అలా ఆడకపోతే ఇంకో రోజు ఎండ కావాలి.

అప్పుడు నేను నాలుగో తరగతి. డెబ్బైల చివరి రోజులు. ఆ ఏటి మొదటి కోత ఎండింది, కాయ బస్తాలకెత్తే రోజు వచ్చింది. పెద్దమ్మ వాకిలి మధ్యలో కూర్చుని, "ఆ మూలయి కొన్ని తే బిడ్డా, చూద్దాం" అంది. నేను గుప్పెడు తీసి, పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆమె అరచేతిలో పోశాను. అరుగు మీద ఉన్న నాయనమ్మ చూసింది.

"అయ్యో అయ్యో! చేతికిచ్చిందే! అది ఇస్తే నువ్వెట్ల తీసుకున్నవే?" అని గుండె బాదుకుంది.

పెద్దమ్మ కాయలు చెవి దగ్గర ఊపుతూ నవ్వింది. "చిన్నపిల్ల గద అత్తమ్మా, దానికేం ఎర్క. గలగలమంటున్నయ్, ఇగ కట్టుకోవచ్చు" అంది. జరిగింది అంతే.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ బస్తాలు లారీకెత్తుకుని ఖమ్మం మార్కెట్టుకు వెళ్ళారు. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చారు. వెళ్ళేటప్పుడు ఒక్క లారీలో వెళ్ళినవాళ్ళు వచ్చేటప్పుడు వేరువేరు బస్సుల్లో దిగారు. పెద్దనాయన అరుగు మీద ముఖం గోడకు తిప్పుకుని కూర్చున్నాడు. నాయన పెరట్లోకి పోయి నెత్తిన నీళ్ళు పోసుకున్నాడు. ఆ వారమే ఇంట్లో రెండో పొయ్యి వెలిగింది. తర్వాత వాకిలికి అడ్డంగా తడిక లేచింది. మరుసటి ఏడు తడిక తీసి గోడే కట్టారు. గోడ వచ్చాక మా వైపు పొద్దుటి ఎండ లేదు, వాళ్ళ వైపు సాయంత్రపు ఎండ లేదు. పన్నెండు రోజుల్లో ఎండే కాయకు ఇరవై రోజులు పట్టేది. ఆ కష్టం కూడా మళ్ళీ ఆడవాళ్ళదే అనుకోండి.

కలిసున్న ఇల్లు చీలితే ఊరు అడక్కుండా ఊరుకుంటుందా? అడిగినవాళ్ళకు చెప్పడానికి నాయనమ్మ దగ్గర మాట సిద్ధంగా ఉంది. "మా పిల్ల మిర్పకాయలు చేతికిచ్చింది. నేను మొత్తుకుంటనే ఉన్న. నా మాట ఎవరిన్నరు?" చుట్టాలకు అదే, చాకలామెకు అదే, భద్రాచలం గుడికి పోతూ మంచినీళ్ళకు ఆగిన ముక్కూ మొహం తెలియనివాళ్ళకూ అదే. నాయన అక్కడే ఉండేవాడు. అమ్మ అక్కడే ఉండేది. ఒక్కరైనా "పిల్లనెందుకంటవు?" అనలేదు. తలలూపి ఊరుకునేవాళ్ళు.

మొదట్లో నాకు పూర్తి నమ్మకం కలగలేదు. నమ్మేలా చేసింది పెద్దమ్మ. బడి నుంచి రాగానే తడిక దగ్గర నిలబడి, "పెద్దమ్మా, ఇంకెప్పుడూ చేతికియ్యను, ఒట్టు" అనేదాన్ని. ఆమె నన్ను చూసి, ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఒక్కసారి కాదు, ఎన్నిసార్లు పిలిచినా అంతే. నా జడ వేసిన మనిషి, నన్ను పక్కలో వేసుకుని పడుకున్న మనిషి, నా ముఖం చూడ్డానికి కూడా ఇష్టపడటం లేదంటే నేను ఎంత పాపం చేసి ఉండాలి? తొమ్మిదేళ్ళ పిల్ల ఇంకేమనుకుంటుంది చెప్పండి.

ఆ పాపం నాతోనే పెరిగింది. బంధువుల పెళ్ళిళ్ళలో, "ఈ పిల్లను కారం దంచేకాడికి రానియ్యకుండ్రి, రోలు రెండు ముక్కలైతది" అని పరాచికాలాడేవాళ్ళు. అందరితో పాటు నేనూ నవ్వి, లోపలికెళ్ళి ఏడ్చేదాన్ని. క్రమంగా మిరపకాయలే కాదు, ఏదీ ఎవరి చేతికీ ఇవ్వడం మానేశాను. గ్లాసు, పుస్తకం, పూలు, అన్నీ కింద పెట్టడమే. కల్లూరులో టీచరు ఉద్యోగం వచ్చాక కూడా చాక్‌పీసు బల్ల మీద పెట్టి తీసుకోమనేదాన్ని. నా క్లాసులో ఒక చిన్నపిల్ల చెయ్యి చాపి నిలబడి, "టీచరమ్మా, నా చెయ్యి మురికిగ ఉన్నదా?" అని అడిగింది. నేను దాన్నే కసిరాను. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

తొంభైల్లో పెద్దనాయన పోయాడు. మరుసటి ఏడు పెద్దమ్మకు భద్రాచలం దవాఖానాలో కంటి ఆపరేషన్ అయిందని కబురొచ్చింది. మా ఇంటి నుంచి ఎవరూ వెళ్ళలేదు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఒక కంటికి కట్టుతో మంచం మీద పడుకుని ఉంది. మనిషి సగానికి సగం తగ్గిపోయింది. నా గొంతు వినగానే, "నువ్వా బిడ్డా" అని చెయ్యి గాల్లో వెతికింది. ఆ చెయ్యి పట్టుకోవడానికి నాకు భయమేసింది. నిజం చెబుతున్నాను, పట్టుకుంటే ఆమెకు ఇంకేం కీడు జరుగుతుందోనని భయమేసింది.

"నా చెయ్యి వల్లనే గద పెద్దమ్మా నీకు ఇన్నేళ్ళ కష్టం" అన్నాను.

"ఏంది?" అంది. "నువ్వింకా గదే పట్టుకోని ఉన్నవా? నీ చేతిల ఏమున్నదే పిచ్చిదానా! మీ పెద్దనాయన కాయకు నీళ్ళు కొట్టిండు."

అప్పుడు మొత్తం చెప్పింది. ఆ రోజు మార్కెట్టులో నాయన చాయ్ తాగడానికి వెళ్ళిన కాసేపట్లో పెద్దనాయన తూకం పెరగాలని బస్తాల మూతులు విప్పి, లోపలి కాయల మీద నీళ్ళు చల్లి మళ్ళీ కుట్టేశాడు. నాయన తిరిగొచ్చాడు, అతనికేం తెలీదు. సరుకు చూడ్డానికి వచ్చిన వ్యాపారి ముందు నెత్తిన చెయ్యి పెట్టుకుని, "మా ఆడోళ్ళు పన్నెండు దినాలు ఎండబెట్టిన్రు, మీ ఇష్టమున్న బస్తా చూసుకోండి" అని ఒట్టేశాడు. వ్యాపారి మోచేతి దాకా బస్తాలో చెయ్యి పెట్టి కాయ తీశాడు. నొక్కితే నీళ్ళు కారాయి. చుట్టూ ఉన్న వేరే ఊళ్ళ రైతులందరినీ పిలిచి చూపించి, ఆ కాయను నాయన ముఖాన కొట్టాడు. అన్నదమ్ములు అక్కడే, అందరి ముందూ కాలర్లు పట్టుకున్నారు.

"ఊర్ల తెలిస్తే మనింటి కాయ మల్ల ఎవ్వలు కొంటరు? మగోళ్ళ ఇజ్జత్ ఏం గావాలె? అందరు గట్ల నోరు మూసుకోని ఉంటె, మీ నాయనమ్మ నీ మాట ఎత్తింది. ఎవ్వలం కాదనలే" అంది పెద్దమ్మ.

"నీకెప్పుడు తెలుసు?"

"మీ పెద్దనాయన ఇంటికొచ్చిన నాడే చెప్పిండు."

"మరి నేను పిలిస్తే లోపలికెందుకు పోయేదానివి?"

"నీ మొకం చూస్తే నిజం చెప్పేస్తనని బిడ్డా. నువ్వు ఒట్టు ఒట్టు అంటుంటే నా పానం పోయేది."

నాకు జాలి కలిగింది, కాదనను. కానీ జాలి కంటే కోపమే ఎక్కువ కలిగింది. ఎండలో పన్నెండు రోజులు తుమ్ముతూ దగ్గుతూ ఆరబెట్టిన కాయను ఒక్క బకెట్టు నీళ్ళతో పాడుచేసిన మనిషి దర్జాగా అరుగు మీద కూర్చున్నాడు. ఆ కాయ గలగలమంటుందో లేదో చూడమని తీసుకెళ్ళి ఇచ్చిన పిల్ల మాత్రం ఇంటికి అరిష్టం అయింది. ఏం న్యాయమండీ ఇది? పెద్దమ్మ ఏడుస్తోంటే నర్సు వచ్చి, "ఆపరేషనైన కన్నుతో ఏడవద్దని తెల్వదా? ఏడిపించేటోళ్ళు బయటికి పోండి" అని నన్ను కసిరింది. బయటికొచ్చి, గోదావరి బ్రిడ్జి దాటే మొదటి బస్సెక్కి ఇంటికి వెళ్ళాను.

మధ్యాహ్నం వేళ. అమ్మ వాకిట్లో కూర్చుని కాయలకు తొడిమలు తీస్తోంది. నాయన మంచం మీద ఉన్నాడు. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. "మార్కెట్ల నీళ్ళ సంగతి నీకెర్కనా?"

నాయన లేచి, కండువా భుజాన వేసుకుని చేలోకి నడిచాడు. అరవై ఏళ్ళ మనిషి కూతురి ముందు నుంచి వెనక తలుపు గుండా తప్పుకుపోయాడు.

"ఎర్కనే" అంది అమ్మ తలెత్తకుండా.

"ఎర్క ఉండి పదహారేళ్ళు నన్ను మాటలనిపిచ్చినవా? కన్నతల్లివి కాదూ నువ్వు?"

"ఏం జెయ్యమంటవు? మీ నాయన పేరు చెప్పాల్నా, మీ పెద్దనాయన పేరు చెప్పాల్నా? వాళ్ళు ఊర్ల తలెత్తుకోని తిరగాలె. నన్నో, మీ పెద్దమ్మనో అంటే కాపురాలు పోతయ్. నువ్వంటవా, ఆడపిల్లవు, ఎప్పటికైనా ఇంకో ఇంటికి పోయేదానివి. నీ మీద పెడితే ఎవ్వలకూ ఏం గాదనుకున్నం." తొడిమ తీసిన కాయను చాటలో వేసి, ఇంకోటి అందుకుంది. "అనుకున్నట్టే ఎవ్వలకూ ఏం గాలే గద."

"మరి నేనెవర్నే అమ్మా?" అన్నాను.

అమ్మ చేతులు ఆగాయి. తలెత్తి నన్ను చూసింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచి, "పొద్దుగాల అనంగ బస్సెక్కి ఉంటవు, ఆకలైతుండొచ్చు. అన్నం పెడ్త, కూసో" అంది.

నేను కూర్చోలేదు.