కాఫీ లెక్కలోకి రాదు

మా గురువారం క్లాసులో ఒక ఆచారం ఉండేది. ఎవరి గ్రాఫ్ తెర మీదికి వస్తే వాళ్లే ముందు దాన్ని తప్పుపట్టాలి. మిగతావాళ్లు నోరు తెరిచేలోపే, ఈ గీత అబద్ధం కావడానికి ఎన్ని దారులున్నాయో చెప్పి తీరాలి. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. అక్కడ మాత్రం కాకే లేచి నిలబడి తన పిల్ల ఎంత నలుపో చెప్పాలి. మెల్‌బోర్న్‌లో మెటబాలిజం మీద పరిశోధన నేర్పే ఆ శిక్షణలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లూ, అది ముగించి ఇంకా పరిశోధనలోనే ఉన్న నాలాంటి పోస్ట్‌డాక్‌లూ కలిసే కూర్చునేవాళ్లం. తిన్న తిండిని ఒళ్లు ఎలా ఖర్చు పెడుతుంది, ఎలా దాచుకుంటుంది అన్నదే మా చదువంతా. ముక్కు మీద కోపం ఉన్న నాకు ఆ గురువారాలు గండంగా ఉండేవి.

ఆ చలికాలం నా దగ్గర చాలా ముద్దొచ్చే గ్రాఫ్ ఒకటి ఉండేది. రాత్రి భోజనం తరువాత ఏమీ ముట్టని మనిషి ఒళ్లు తెల్లారేసరికి ఎక్కువగా కొవ్వునే కరిగించుకుంటుంది. మనిషిని పడుకోబెట్టి, తల మీద పారదర్శకమైన మూత బోర్లించి, వదిలే ఊపిరిని కొలిస్తే ఒంట్లో కొవ్వు కాలుతోందో చక్కెర కాలుతోందో తెలుస్తుంది. నేను పిలిచిన తెలుగువాళ్లకు మాత్రం పొద్దున్నే చక్కెర కాలుతోంది, గీత పైకెక్కి కూర్చుంటోంది. రక్తంలోనూ చక్కెర కాస్త ఎక్కువే. మనవాళ్లకు షుగర్ జబ్బు అంత తొందరగా ఎందుకొస్తుందో ఈ గీతే చెబుతుందని నాకు గట్టి నమ్మకం కలిగింది. ఏడాది చివర నా ఉద్యోగానికి గడువు తీరిపోతుంది. కొత్త ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టాలంటే నాదంటూ ఒక ఫలితం చూపించాలి. గీత నిజమైతే ఇక్కడ ఉంటాను, కాకపోతే పెట్టె సర్దుకోవాలి.

వలంటీర్లను తెచ్చిపెట్టింది మా ఆంటీ. ఊరి శివార్లలో, టార్నీట్‌లో నేను అద్దెకున్న ఇంటావిడ. నాది తెనాలి, ఆవిడది భీమవరం. ఆ చుట్టుపక్కల ఆవిడ పలకరించని తెలుగు గడప లేదు. పరీక్షకు మనవాళ్లెవరూ దొరకడం లేదని ఒకరోజు అన్నం తింటూ ఊరికే వాపోయాను. వారం తిరక్కుండా గుడిలో వడ్డించేవాళ్లు, బ్యాడ్మింటన్ ఆడే కుర్రాళ్లు, పక్క వీధిలో ఉండే రిటైరైన బ్యాంకు అంకుల్, అందరూ సిద్ధం. పైగా పొద్దున్నే వాళ్లను తన కారులో ఎక్కించుకుని ల్యాబ్ గుమ్మంలో దింపే పని కూడా ఆవిడే నెత్తిన వేసుకున్నారు. నేను ముందు రైల్లో వెళ్లి మెషీన్లు సిద్ధం చేసుకునేదాన్ని. ఆవిడే లేకపోతే ఆ గ్రాఫే లేదు.

నా వంతు వచ్చిన గురువారం నేను బుద్ధిగానే నా గీతను తిట్టుకున్నాను. మెషీన్ సరిగ్గా లేకపోవచ్చు, గది చల్లగా ఉండి ఉండొచ్చు, వాళ్లు మెట్లెక్కి వచ్చి ఉండొచ్చు అన్నాను. అన్నీ సరిచూశానని కూడా చెప్పాను. మా సూపర్‌వైజర్ నెమ్మదైన మనిషి. మంచం దిగిన దగ్గర్నుంచి నీ గుమ్మం దాకా వాళ్లేం చేస్తున్నారో నీకు తెలుసా అని మాత్రం అడిగారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నీళ్లు తప్ప ఏమీ ముట్టొద్దని తెలుగులోనే చెప్పాననీ, రాగానే ప్రతి మనిషినీ అడుగుతున్నాననీ, పైగా వాళ్లను తీసుకొచ్చేది మా ఇంటావిడేననీ కాస్త విసురుగానే జవాబిచ్చాను.

తరువాతి వారం పట్టాల మరమ్మతులని రైళ్లు ఆపి బస్సులు వేశారు. ఆ బస్సులను నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే కాబట్టి నేనూ ఆంటీ కారే ఎక్కాను. వెనక సీట్లో బ్యాంకు అంకుల్ కూర్చున్నారు. ఆ రోజు పరీక్ష ఆయనకే. అద్దాల మీద మంచు ఇంకా కరగలేదు. ఇంజన్ వేడెక్కేలోపు ఆంటీ కాళ్ల దగ్గరున్న సంచిలోంచి ఫ్లాస్కు తీసి, స్టీలు గ్లాసులో పోసి ముందు నాకిచ్చారు. వేడివేడి కాఫీ. చలికి ప్రాణం లేచొచ్చింది. సగం తాగాక, వెనక నుంచి ఎవరో ఊదుకుంటూ చప్పరిస్తున్న చప్పుడు వినిపించింది.

"ఆంటీ, అంకుల్‌కి కూడా ఇచ్చారా?"

"ఇవ్వనా మరి? రోజూ అందరికీ ఇస్తున్నాగా. ఖాళీ కడుపుతో గడప దాటిస్తే, అక్కడ రక్తం తీసేప్పుడు కళ్లు తిరిగి పడ్డారనుకో, నీకే మాటొస్తది."

"నీళ్లు తప్ప ఏమీ వద్దని చెప్పా కదండీ."

"ఏమీ పెట్టలేదమ్మాయ్. బిస్కెట్ కూడా ఇవ్వలా. కాఫీ లెక్కలోకి రాదు."

కార్తీక సోమవారం ఉపవాసమప్పుడు కూడా తమ ఇంట్లో కాఫీ మానరని అంకుల్ వెనక నుంచి సాక్ష్యం పలికారు. చుక్కలు కనిపించేదాకా మెతుకు ముట్టని మా అమ్మ కూడా తెల్లారగానే కాఫీ తాగేది. దాన్ని ఎవరూ ఉపవాస భంగం అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఏమైనా తిన్నారా, తాగారా అని నేనడిగితే వీళ్లంతా లేదని చెప్పింది అబద్ధమాడి కాదు. చిక్కటి పాలు, రెండు చెంచాల పంచదార. నా మెషీన్ మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకుంది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆవిడ మీద కోప్పడదామంటే నా చేతిలో గ్లాసు కూడా సగం ఖాళీ.

ఆ గురువారం నేనే లేచి నా గీత కాఫీ గీత అని చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. సూపర్‌వైజర్ నవ్వలేదు. అందరినీ మళ్లీ పిలవమన్నారు, అంతే. చలికాలమంతా చేసిన పని బూడిదలో పోసిన పన్నీరైంది.

ఇంట్లో ఈ సంగతి చెప్పిన పూట ఆంటీ పప్పులో ఉప్పు వేయడం మరిచారు. మర్నాడు ఫోన్ పట్టుకుని ఒక్కొక్కరికీ తనే సంజాయిషీ చెప్పి, మళ్లీ రమ్మని బతిమాలారు. ఈసారి ఫ్లాస్కు కారు డిక్కీలో ఉండేది. పరీక్ష అయ్యాకే, కార్ పార్కులో నిలబెట్టి ఇడ్లీలతో పాటు కాఫీ పోసేవారు. ల్యాబ్‌లో గీతలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అంకుల్‌ది, కుర్రాళ్లది, గుడివాళ్లది, అన్నీ మామూలు గీతలే. ఒక్కటైనా పైన నిలబడకపోతుందా అని నేను ఆశగా చూసేదాన్ని. ఇంకొకరికి జబ్బు లక్షణం కనిపించాలని కోరుకుంటున్నానన్న ధ్యాసే లేదు. నాకు నా దరఖాస్తే కనిపించేది.

అందరూ అయిపోయాక ఆంటీ తను కూడా పరీక్షకు కూర్చుంటానన్నారు. ఇంతమందిని తీసుకొచ్చి కారులోనే కూర్చున్నానని, తన వంతుగా నా లెక్కకు ఒక మనిషిని కలుపుతానని. షుగర్ లేదు కదా అని అడిగితే, నాకెందుకుంటుంది అన్నారు. ఎప్పుడైనా చూపించుకున్నారా అంటే, తీరికెక్కడిది అన్నారు.

మూత కింద పడుకుని ఆవిడ పెదవులు కదుపుతూ లలితా సహస్రం మొదలుపెట్టారు. ఊపిరి లెక్క మారిపోతుంది, మనసులో చదువుకోండి అని ఆపాల్సి వచ్చింది. మొదటి రక్తం చుక్కకే అంకె ఎక్కువగా వచ్చింది. తరువాత అందరికీ ఇచ్చినట్టే గ్లూకోజ్ నీళ్లు తాగించాం. అరగంటకోసారి రక్తం తీశాం. షుగర్ లేని ఒంట్లో, ఎక్కిన చక్కెర గీత మళ్లీ దిగాలి. దిగలేదు. రెండు గంటలకు కూడా అక్కడే, పైనే ఉంది. మరో చుక్కతో మళ్లీ చూశాను. నర్సు నా వంక చూసి పక్కకు వెళ్లింది.

దరఖాస్తు సంగతి ఆ క్షణాన నాకు గుర్తే లేదు. ఒక గ్లాసు కాఫీకి గీత అంతెత్తు ఎక్కదని నాకు తెలుసు. అయినా మంచం పక్కన కూర్చుని ఆవిడ చేయి పట్టుకున్నాను.

"ఆంటీ, నిజం చెప్పండి. పొద్దున కాఫీ తాగారు కదూ?"

తాగానని అంటే చాలు, ఆ మాటే నమ్మేద్దామనిపించింది.

"లేదమ్మాయ్, నీ మీద ఒట్టు. మంచినీళ్లు కూడా ముట్టలా," అన్నారు ఆవిడ. మొహం నిండా సంతోషం. "ఈసారి సరిగ్గా చేశాను కదా?"

సరిగ్గానే చేశారని చెప్పాను.