పదిహేడో గ్లాసులో లేని వాసన

నాలుక మేస్త్రి అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. బీరు ఫ్యాక్టరీలో రుచి చూసే గదికి ఇరవై ఆరేళ్ళుగా ఆయనే పెద్ద. ఆ గది గోడలకు తెల్ల సున్నం తప్ప మరో రంగు లేదు. లోపలికి వచ్చేవాళ్ళు సెంటు పూసుకోకూడదు, వాసన నూనె రాసుకోకూడదు. పొద్దున పదింటికి, నోరు ఇంకా దేనితోనూ పాడవకముందే, మేస్త్రి వరసగా పెట్టిన గ్లాసుల్లోంచి ఒక్కో గుక్క తీసుకుని "ఇది పోనివ్వండి, ఇది ఆపండి" అంటాడు. ఆయన ఆపమన్న ట్యాంకు జోలికి మేనేజరు కూడా వెళ్ళడు.

ఇంట్లోనూ ఇదే తంతు. పాలు కాస్త అడుగంటితే గుమ్మంలో చెప్పులు విప్పకముందే చెప్పేస్తాడు. "ఈయనకి వండిపెట్టడమంటే రోజూ పరీక్ష రాయడమే తల్లీ" అని భార్య పక్కింటి వాళ్ళతో వాపోతుంది. ఆ మాట చెవిన పడితే మేస్త్రి విననట్టు నటిస్తాడు గానీ, లోలోపల మురిసిపోతాడు. చెడ్డమనిషి కాదు. కాకపోతే తన నాలుక ఎన్నడూ తప్పు చెప్పదన్న నమ్మకం నెత్తికెక్కి కూర్చుంది. దాన్ని దించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒక్క తమ్ముడికి ఉండేది. అతను అదే ఫ్యాక్టరీలో బార్లీ ఉడికించే విభాగంలో పనిచేసేవాడు. సెలవు రోజుల్లో అన్నదమ్ములిద్దరూ పెరటి షెడ్డులో చేరి సొంతానికి జామ బీరు కాచుకునేవారు. జామపండ్లను పెనం మీద తొక్క నల్లబడేదాకా కాల్చడం, గుజ్జు తీసి గింజలు వడకట్టడం, పులుస్తున్న బీరులో కలపడం. ఆ కాల్చే ఉపాయం మేస్త్రిది. ఇదంతా సరదాగా సాగుతుండగానే తమ్ముడు ఉద్యోగం మానేసి, ఊరి చివర చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని, అదే జామ బీరును సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాడు.

"నీకు ముందే చెబితే వద్దంటావు. అందుకే చెప్పలేదన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

"నా పెనం, నా షెడ్డు, నా బుర్ర. నీదేముందిరా అందులో?" అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత మూడేళ్ళు ఆ ఇద్దరి మధ్యా మాటల్లేవు. భార్య ఎన్నిసార్లు సర్దిచెప్పబోయినా మేస్త్రి ముక్కు మీది కోపం దిగిరాలేదు.

ఇళ్ళల్లో, చిన్న చిన్న షెడ్లలో బీరు కాచేవాళ్ళకు ఆ ఊళ్ళో ఏటా ఒక పోటీ జరుగుతుంది. ఆ ఏడు పండ్ల బీర్లకు మాత్రమే పెట్టారు. మార్కెట్ పైనున్న హాల్లో నాలుగు బల్లలు వేసి, బల్లకు ముగ్గురేసి న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టారు. రెండో బల్లకు పెద్ద మన మేస్త్రి. ఆయనకు అటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే టీచరమ్మ, ఇటు మందుల షాపాయన కూర్చున్నారు. గ్లాసుల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. ముగ్గురూ మాట్లాడుకోకుండా యాభైకి మార్కులు వేసి, ఆ తర్వాత పైకి చదవాలి. ముగ్గురి మార్కుల మధ్య తేడా ఏడు దాటకూడదు. దాటితే మాట్లాడుకుని దగ్గరకు తెచ్చుకోవాలి. ఇంకో నియమం కూడా ఉంది. ఏ గ్లాసైనా ఎవరు కాచిందో తెలిసిపోతే చేయెత్తి చెప్పాలి, ఆ గ్లాసును వేరే బల్లకు పంపిస్తారు.

తొమ్మిదో గ్లాసు జామదే. పచ్చిగా, చల్లగా, అప్పుడే కొరికిన పండులా ఉంది. మేస్త్రి నలభై మూడు వేశాడు. "ఇదెవరిదో గానీ, చేయి తిరిగిన మనిషి" అన్నాడు. మిగతా ఇద్దరూ తలలూపారు.

పదిహేడో గ్లాసు కూడా జామే. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోగానే మేస్త్రికి ఒళ్ళు జివ్వుమంది. కాలిన తొక్క వాసన. అదే పెనం, అదే నల్లటి మచ్చ, చివర్లో అదే సన్నటి చేదు. వీడే, అనుకున్నాడు. మూడేళ్ళుగా నాతో ఒక్క మాట లేదు గానీ, నా ఉపాయంతోనే నా ముందుకొచ్చి కూర్చున్నాడు.

చేయెత్తాలి. ఎత్తబోయాడు కూడా. ఎత్తితే గ్లాసు మూడో బల్లకు పోతుంది, అక్కడివాళ్ళు దానికి నలభై ఐదు వేస్తారు. ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ బీరు అంత బాగుంది. చేయి బల్ల మీదే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ చేయని పని మేస్త్రి అప్పుడు చేశాడు. లోపాల గడిలో "తడిసిన అట్ట వాసన" అని రాశాడు. బీరుకు గాలి తగిలితే అలాంటి వాసన వస్తుంది. కాచేవాడికి అంతకంటే తలవంపు ఇంకోటి లేదు. దాని కింద "గొట్టాలు, మూతలు మార్చాలి. కాచిన చేతికి శుభ్రత తెలియదు" అని కూడా చేర్చి, పంతొమ్మిది మార్కులు వేశాడు.

పైకి చదివే వేళకు టీచరమ్మ నలభై ఒకటి అంది. మందుల షాపాయన ముప్ఫై తొమ్మిది అన్నాడు. మేస్త్రి పంతొమ్మిది అనగానే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నాకు అట్ట వాసన తెలియలేదండీ మేస్త్రిగారూ" అంది టీచరమ్మ.

"మింగాక చూడమ్మా. నాలుక వెనకాల, చివర్లో."

ఆవిడ ఇంకో గుక్క తీసుకుని, కళ్ళు మూసుకుని ఆలోచించింది. "ఆ... ఉన్నట్టే ఉందండీ" అంది నెమ్మదిగా.

మందుల షాపాయన గ్లాసు ముట్టుకోనే లేదు. "మీరన్నారంటే ఉంటుంది లెండి" అని తన ముప్ఫై తొమ్మిదిని కొట్టేసి ఇరవై నాలుగు వేసుకున్నాడు. టీచరమ్మ ఇరవై ఆరుకు దిగింది. లెక్క కుదిరింది, గ్లాసు పక్కకు పోయింది. మేస్త్రికి ఆ క్షణంలో కడుపు చల్లబడిన మాట నిజం. దాచడం దేనికి?

సాయంత్రం పేర్లు చదివారు. మొదటి బహుమతి తొమ్మిదో గ్లాసుకు వచ్చింది. దాన్ని అందుకోవడానికి వేదిక ఎక్కినవాడు తమ్ముడు.

తమ్ముడు కప్పు అందుకుని, మెట్లు కూడా చూసుకోకుండా దిగివచ్చి, అందరి ముందూ అన్నను కావలించుకున్నాడు.

"నాది మీ బల్ల మీదికే వచ్చిందట కదన్నయ్యా! నువ్వు గుర్తుపట్టలేదంటే నేను నమ్మను. నీ నాలుక సంగతి నాకు తెలీదా? చేయెత్తి పక్క బల్లకి తోసేయొచ్చు. తోసేయకుండా న్యాయం చేశావు."

"ఇప్పుడు... తొక్క కాల్చడం లేదా?" అన్నాడు మేస్త్రి.

"అది మానేసి రెండేళ్ళయిందన్నయ్యా. ఆ ఉపాయం నీది. నీది పెట్టుకుని గెలిస్తే నాకు గెలిచినట్టుండదు."

తమ్ముడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. మేస్త్రి అవుననలేదు, కాదనలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత మంచి అన్నదమ్ములో అని చప్పట్లు కొడుతుంటే, ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మరి పదిహేడో గ్లాసు ఎవరిది? గోడకు అంటించిన జాబితా దగ్గరికి వెళ్ళి చూశాడు. బడి యూనిఫాంలు కుట్టే దర్జీ ఆవిడదట. ఆయన ఆవిడను ఏనాడూ చూసి కూడా ఎరుగడు.

ఆ నెలంతా తమ్ముడు రోజూ ఇంటికొచ్చాడు. వదిన చేతి టీ తాగాడు, మూడేళ్ళ కబుర్లన్నీ కూర్చుని చెప్పాడు. భార్య ముఖం వెలిగిపోయింది. "చూశారా, మీరు ఒక్క మంచిపని చేస్తే ఇల్లు ఎలా మారిందో!" అంది. ఒక్క గ్లాసే కదా, ఒక్క పోటీయే కదా, ఆ దర్జీ ఆవిడ ఈపాటికి మర్చిపోయే ఉంటుంది అని మేస్త్రి తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అబద్ధమాడినవాళ్ళు ముందుగా నమ్మించేది తమనే.

నెల గడిచాక ఒక రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి కబురొచ్చింది, ఎవరో ఆవిడ మిమ్మల్ని కలవాలంటోందని. రుచి చూసే గదికే పంపమన్నాడు. నలభై ఏళ్ళ మనిషి. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చింది. సంచిలోంచి ఒక సీసా, పోటీవాళ్ళిచ్చిన మార్కుల కాగితం నలగకుండా పెట్టుకున్న కవరు తీసి బల్ల మీద పెట్టింది. కాగితం మీది అక్షరాలు తనవే. మేస్త్రి తల తిప్పుకున్నాడు.

"మీ పని వేళలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి సార్. ఇందులో రాసినవన్నీ చేశాను. గొట్టాలు మార్చాను. మూతలకి కొత్త రబ్బర్లు వేశాను. పాత బీరు నలభై లీటర్లూ పారబోశాను. పాత్రలు మూడుసార్లు మరగబెట్టాను. ఇది కొత్తగా కాచింది. ఆ అట్ట వాసన ఇంకా ఉందేమో చూసి చెబుతారా?"

"తొక్క కాల్చడం ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు మేస్త్రి. ఆ జవాబులోనైనా తనకు కాస్త సాకు దొరుకుతుందేమోనని ఆశ.

"ఎవరూ నేర్పలేదండీ. పిల్లల చొక్కాలకి గుండీలు కుడుతూ పొయ్యి మీది పండ్లు మర్చిపోయాను. మాడిపోయాయి. పారేయబుద్ధి కాక బీరులో కలిపేశాను. అదే నచ్చింది."

మేస్త్రి సీసా విప్పి పోసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. జామ, కాలిన తొక్క, సన్నటి చేదు. ఎక్కడా మచ్చలేదు. ఆయన ఇన్నేళ్ళలో తాగిన పండ్ల బీర్లన్నిటిలోకీ అది మంచిది.

"మొదట్లో నాకు ఆ వాసన తెలియలేదు సార్" అంటోంది ఆవిడ. "మీ కాగితం ఇంటికి తీసుకెళ్ళాక, మూడో రోజుకి తెలిసింది. అప్పట్నుంచి ఏ సీసా విప్పినా ముందు అదే. దీంట్లోనూ ఉంది. ఇన్నాళ్ళూ నా ముక్కు నన్ను మోసం చేసిందన్నమాట. నలుగురికీ అదే పోశానే అని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను."

సిగ్గు అన్న మాట ఆవిడ నోటి నుంచి వినేసరికి మేస్త్రి ముఖం ఎర్రబడింది. తను పడాల్సిన సిగ్గును నెల రోజులుగా ఈవిడ మోస్తోంది.

"లేదమ్మా. ఆ వాసన లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

"ఊరుకోండి సార్. నేను బాధపడుతున్నానని అంటున్నారు. మీరు మంచివారు."

మంచివాణ్ణి అనిపించుకుని ఊరుకోవచ్చు. ఆవిడ లేచి వెళ్ళిపోతుంది. తమ్ముడు రేపు మళ్ళీ టీకి వస్తాడు. నిజం చెబితే అది ఊరంతా తిరిగి తమ్ముడి చెవిన పడటానికి పూట కూడా పట్టదు. ఇవన్నీ మేస్త్రి మనసులో ఒక్కసారిగా మెదిలాయి. ఇంకో క్షణం ఆగితే ఎప్పటికీ చెప్పలేనని భయపడి గబగబా చెప్పేశాడు. తమ్ముడితో గొడవ, పెనం, కాలిన తొక్క, ఎత్తని చేయి, కావాలని రాసిన మాట, మిగతా ఇద్దరిచేత కూడా అదే అనిపించడం, అన్నీ. ఆ ఇద్దరికీ, పోటీ పెట్టినవాళ్ళకీ ఈ రోజే చెబుతానన్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన కొలతల టేపు వైపే చూశాడు గానీ ఆవిడ కళ్ళల్లోకి చూడలేదు.

ఆవిడ మార్కుల కాగితం మళ్ళీ ఒకసారి చదువుకుంది. తర్వాత అడిగింది, తిట్టినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"నాది కాదు, మీ తమ్ముడిదే అనుకుందాం. అయితే మాత్రం, లేనిది రాస్తారా సార్?"

మేస్త్రి గ్లాసు ఆవిడ వైపు జరిపాడు.

ఆవిడ గ్లాసు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తొందరపడకుండా వాసన చూసింది. ఒక గుక్క తాగి, మింగాక కూడా ఆగింది. మేస్త్రి చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. ఆ గదిలో అలా ఎదురుచూడాల్సిన వంతు ఆయనకు రావడం అదే మొదలు.

"వస్తోందండీ" అంది ఆవిడ గ్లాసు దించి. "లేదని మీ నోటితోనే చెప్పారు, నమ్మాను. అయినా వస్తోంది."

ఇంకేమీ అనకుండా సంచి భుజాన వేసుకుని ఆవిడ గేటు వైపు నడిచింది.