మొదటి ఎలుకను మింగాకే

అమెరికాలో, పార్సిప్పనీలో నా రూమ్‌మేట్, నేను అన్నా అని పిలిచే ఆయన, కొండచిలువలు పెంచేవారు. గుడ్డు చిట్లి పిల్ల తల బయటపెట్టగానే నేను గంతులేస్తే, "ఆగవయ్యా, మొదటి ఎలుకను మింగనీ, అప్పుడు బతికిందని రాస్తా," అనేవారు.

ఆ ఏడాది ఆరు గుడ్లలో రెండే పిల్లలయ్యాయి. రెండూ ఎలుకల్ని మింగిన రోజు ఇద్దరం వంటింట్లో చిందులేశాం. తర్వాత ఆయన నోట్‌బుక్‌లో, "తల్లి బలహీనం, ఇక జత కట్టించను," అని రాసుకున్నారు.

"దాన్నెందుకు అంటారన్నా?"

"నాలుగు గుడ్లు పోయాయి, కనపడట్లా?"

కొన్ని వారాల ముందు ఇడ్లీపిండి రుబ్బడానికి, గుడ్లను వెచ్చగా ఉంచే పెట్టె ప్లగ్ పీకి గ్రైండర్ పెట్టింది నేనే. మరిచిపోయి ఆఫీస్‌కి వెళ్లి, సాయంత్రం ఆయన రాకముందే గుట్టుగా మళ్లీ తగిలించాను.

అన్నా, ఆ నోట్‌బుక్ ఇంకా ఉంటే ఆ మాట కొట్టేయండి. ఆ తల్లి మంచిదే.