కొత్త దీపం, పాత అంకె

2023లో నేను మస్కట్ రూవిలోని ఒక ప్రైవేటు పాథాలజీ ల్యాబ్‌లో ఇమేజ్ అనలిస్టుని. గడ్డ నుంచి తీసిన ముక్కను సన్నటి పొరగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగు వేస్తారు. స్కానర్ దాన్ని ఫొటో తీస్తుంది. ఎన్ని కణాలు రంగు పట్టాయో లెక్కించడం నా పని. రొమ్ము క్యాన్సర్‌కు చేసే ఈఆర్, అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, పరీక్షలో నూటికి ఒక్క కణం గోధుమ రంగుకు తిరిగినా పాజిటివ్. అంటే హార్మోన్ మాత్రలు పనిచేసే అవకాశం ఉంది. అంతకన్నా తక్కువైతే మాత్రలు దండగ.

ఎంత గోధుమను గోధుమ అనాలి? దానికో హద్దు అంకె ఉంటుంది, థ్రెషోల్డ్ అంటాం. పాత స్లైడ్లతో సరిచూసి నేనొక అంకె ఖాయం చేశాను. డాక్టర్ల కళ్లు అలసిపోతాయి, నా అంకె అలసిపోదని గర్వపడేవాణ్ణి.

ఒక గురువారం స్కానర్ దీపం మాడితే కొత్తది వేశారు. దీపం మారినప్పుడు ఖాళీ గాజును స్కాన్ చేసి, తెలుపును సరిచేయాలి. స్లైడ్లు పేరుకుపోయి ఉన్నాయి. శుక్ర, శని సెలవులయ్యాక చేద్దామనుకున్నాను.

రంగులు వేసే సీనియర్ టెక్నీషియన్ సుజాతక్కది భీమవరం. నా వెనక నిలబడి అడిగింది.

"ఏవయ్యా, బొమ్మలు తెల్లగా కొడుతున్నాయేంటి?"

"కొత్త దీపం కదక్కా. కంట్రోల్ బాగానే వచ్చింది." కంట్రోల్ అంటే రంగు పడుతుందని ముందే తెలిసిన ముక్క.

"ముదురువి ఎలాగైనా వస్తాయి. లేతవి చూశావా?"

"అన్నిటికీ అంకె ఒకటేనక్కా."

"నీ అంకెకి కళ్లుంటే బాగుండేది," అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ రోజు స్లైడ్లలో రాజమణక్కది ఒకటి. జగిత్యాల వైపు మనిషి, ఒక అర్బాబ్ ఇంట్లో, అంటే యజమాని ఇంట్లో, వంట చేసేది. నా లెక్కలో సున్నా వచ్చింది. తెరమీది బొమ్మ చూసి డాక్టర్ సంతకం చేశారు. రిపోర్టు తీసుకోవడానికి కౌంటర్ దగ్గరికి వచ్చి, నేను తెలుగువాణ్ణని తెలిసి ఆగింది.

"తమ్మీ, ఇండ్ల గోళీలని రాసిండ్రా, సూదులని రాసిండ్రా?"

"డాక్టర్ చెప్తారక్కా."

"గోళీలైతే డ్యూటీ జేస్కుంట ఈడనే ఉంట. సూదులైతే అర్బాబ్ ఇంటికి పంపుతడు. మనుమరాలు నర్సింగు సదువుతుంది, ఇంక రెండేండ్లున్నది."

నెగెటివ్ అని నాకు తెలుసు. అంటే సూదులే, కీమో. తల దించుకుని కవరు అందించాను. నెలలోపే అర్బాబ్ ఆమె బతాకా, అంటే నివాస కార్డు, రద్దు చేయించి పంపేశాడు.

ఊరెళ్లాక అక్కడి ఆసుపత్రి మా దగ్గరున్న ముక్కను తెప్పించి మళ్లీ పరీక్షించింది. బలహీనంగా పాజిటివ్. మేం పాత స్లైడును సూక్ష్మదర్శిని కింద పెట్టాం. లేత గోధుమ కణాలు కంటికే కనిపిస్తున్నాయి. సరిచేసిన స్కానర్‌లో అదే అంకెతో లెక్కిస్తే నూటికి ఆరు. కొత్త దీపం వెలుతురు ఆ లేతదనాన్ని హద్దు కిందికి తోసేసింది. ఆ గురువారం స్లైడ్లన్నీ మళ్లీ లెక్కించాం. మారింది ఆమెదొక్కటే.

సవరించిన రిపోర్టులో కారణం నేనే రాశాను: యంత్ర లోపం. అది అందాక ఆమె ఫోన్ చేసింది.

"మిషన్ ఖరాబైందంట గదా. నువ్వేం జేస్తవ్ తీ."

"అవునక్కా," అన్నాను.

రెండు వారాలు ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. చివరికి నేనే ఫోన్ చేసి చెప్పాను: యంత్రం బాగానే ఉంది, సరిచేయాల్సింది నేను, చేయలేదు.

"గోళీలైతే షురూ జేసిండ్రు," అంది. "గని ఈడ ఇంట్లనే ఉన్న తమ్మీ. ఇప్పుడు జెప్తే నేనేం జెయ్యాలె?"



అంకెను మార్చకపోవడమే నిలకడ అనుకున్నాను. కాదు, అదే కణం ఏ రోజు, ఏ దీపం కింద చూసినా ఒకేలా లెక్కకు రావడం నిలకడ. ఇప్పుడు రోజూ ముందు ఖాళీ గాజు, తర్వాత బాగా లేత రంగు పట్టిన కంట్రోల్ స్కాన్ చేస్తాను. అవి సరిగా రాకపోతే ఆ రోజు ఎవరి స్లైడూ లెక్కించను. ఈ పద్ధతి ల్యాబ్ నియమాల పుస్తకంలో నేను చేరకముందు నుంచే ఉంది.